శ్రమించు చేయి, సవరించు చేయి

మార్కాపురపు పలకమీద అక్షరములు దిద్దుకొన్నవారు ఆంధ్రదేశమున లెక్కకు మిక్కిలిగా ఉన్నారు గాని, ఆ పలకను సిద్ధము చేసిన చేయి ఎట్లుండునో తలచినవారు కొలదిమందియే. గనినుండి తెచ్చిన రాతిదిమ్మెను పొరలుగా విడదీయుటకు పనివాడు ఉలి అంచును పొరసందున నిలిపి, సుత్తితో ఒకే ఒడుపున, ఒకే బలమున తట్టవలెను. దెబ్బ మించినచో పలక పగులును, తగ్గినచో పొర విడదు. ఆ బలమంతయు ఒక చేతి మణికట్టునందును, ఆ నిలుకడ యంతయు రెండవచేతి పిడికిటియందును దినమెల్ల బిగిసి యుండును. పొదిలి ప్రాంతమున పొగాకు కాలము వచ్చినప్పుడు పచ్చియాకును కర్రలకు అల్లి బ్యారనుకు అందించు స్త్రీల వ్రేళ్ళకును ఇదే గతి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోను ఉండెను గాని, మణికట్టునొప్పికి ఆ ఎల్ల ఎన్నడును అడ్డు నిలువలేదు.

ఒకే కదలికను ఎడతెగక చేయుటవలన పుట్టు ఈ బాధను వివరముగా వర్ణించిన తొలివారిలో ఇటలీదేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని ముఖ్యుడు. వృత్తులవలన కలుగు రోగములనుగూర్చి 1700లో గ్రంథము ప్రకటించిన ఆయన, 1713 నాటి కూర్పున లేఖకుల అవస్థను చేర్చి, కదలక కూర్చుండుట, చేయి ఒకేరీతిని ఆడుట, మనస్సు బిగిసియుండుట అను మూడు హేతువులను దానికి చెప్పెను. భుజమునుండి వ్రేళ్ళకు సాగు స్నాయువులను వాతము పట్టి చేతిని పనికిరాకుండ చేయునని సుశ్రుతసంహిత నిదానస్థానము చెప్పిన విశ్వాచియు దీనికి దూరపు బంధువే. మణికట్టు లోపల ఎముకలును, ఒక గట్టి పట్టీయు కలిసి ఏర్పరచిన ఇరుకుదారిలో తొమ్మిది స్నాయురజ్జువులతోపాటు ఒక నాడి ప్రయాణించును. రజ్జువులమీది పొర వాచినప్పుడు నలిగిపోవునది ఆ నాడియే. అందుచేతనే బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రాత్రివేళ తిమ్మిరెక్కి నిద్ర చెరచును. ఆ నాడితో సంబంధము లేని చిటికెనవ్రేలు మాత్రము హాయిగా నిద్రించును!

మన పల్లెలలో ఇట్టి నొప్పికి తొలి ఔషధము వావిలాకు. ఆకును నీట కాచి, గుడ్డ ముంచి కాపడము పెట్టుదురు; లేదా ఆముదముతో వెచ్చజేసి మూటగట్టి ఒత్తుదురు. చరకసంహిత సూత్రస్థానమున స్వేదమునకే ఒక అధ్యాయము కేటాయింపబడినదన్నచో, ఈ కాపడము వెనుక ఎంత ఆలోచన కలదో ఊహింపవచ్చును. ఎదురుకాళ్ళతో పుట్టినవానిచేత నడుమున తన్నించుకొన్నచో పట్టు విడుచునను నమ్మకము వేరు. దానివలన రోగికి కలిగిన మేలుకన్న చూచువారికి కలిగిన వినోదమే ఎక్కువ. పుత్తూరు కట్టు మిక్కిలి ప్రసిద్ధమే గాని అది విరిగిన ఎముకకు. విరుగక అరిగిన చేతికి కాదు.

ఈ హస్తవైద్యమునకు సముద్రముల కావల కైరోప్రాక్టిక్ అను దాయాది కలదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్టు పట్టణమున డేనియల్ డేవిడ్ పామర్, చెవుడుగల హార్వే లిల్లార్డ్ అను పనివాని వెన్నుపూసను చేతితో సవరించి, అతనికి వినికిడి మరల వచ్చెనని ప్రకటించెను. వెన్నుపూసలు తొలగుటయే రోగములకు మూలమని ఆయన కట్టిన సిద్ధాంతమును వైద్యశాస్త్రము అంగీకరింపలేదు. వినికిడి నాడి వెన్నుదారిన పోవనే పోదు. సిద్ధాంతము నిలువకున్నను హస్తకౌశలము నిలిచినది. చేతికి పోవు నాడులు మెడ అడుగుభాగమున బయలుదేరును గనుక, నిపుణుడు మణికట్టును చూచి ఊరకొనక, మోచేయి, భుజము, మెడ వరుసగా తడిమి, ఏ కీలు బిగిసినదో, ఏ కండ ముడిపడినదో వ్రేలికొసలతో పసిగట్టును. బిగిసిన కీలును దాని సహజమైన కదలిక చివరివరకు మెల్లగా తీసికొనిపోయి, అచ్చట క్షణకాలము కొలదిగా, వేగముగా ఒత్తును. అప్పుడు వినబడు టక్కుమను శబ్దమునకు ఎముక చోటికి వచ్చెనని రోగి పొంగిపోవును గాని, కీలులోని ద్రవమున వాయువు బుడగకట్టుటచే కలుగు ధ్వని మాత్రమే అది. మణికట్టునకు ఇంతటి వేగము పనికిరాదు. ముంజేతి కండలను నిదానముగా ఒత్తి, సన్నని ఎముకలను కొలదికొలదిగా కదలించి, వ్రేళ్ళకు వ్యాయామము నేర్పుదురు.

నడుమునొప్పికి ఈ పద్ధతి కొంత మేలుచేయునని పరీక్షలు చూపినవి. మణికట్టు విషయమున సాక్ష్యము ఇంకను పలుచన. మెడను బలముగా త్రిప్పుటవలన మెదడుకు రక్తము కొనిపోవు ధమని చీలిన సంఘటనలు, అరుదేయైనను, కలవు. క్షౌరశాలలో తలమర్దన చివర మెడను చటుక్కున విరిపించుకొను మన అలవాటును ఈ కారణముననే నేను మెచ్చజాలను.

ఈ విద్యయందు నేను గౌరవించునది, వైద్యుడు రోగి చేతిని తన చేతిలోనికి తీసికొని, ఏ పనిముట్టు పట్టుదువు, ఎంతసేపు పట్టుదువు అని విచారించుటయే. ఉలిపిడికి గుడ్డచుట్టి లావు చేయుమను సలహా అట్టి విచారణవలననే పుట్టును. విశ్రాంతి తీసికొమ్మను మాట సులభము. పలకల లెక్కన కూలి దొరకు చోట అది కూలి మానుకొమ్మనుటయే. బొటనవ్రేటి మొదటి కండ కరిగినను, వస్తువులు చేజారుచున్నను శస్త్రవైద్యుని చూడక తప్పదు. మణికట్టు లోపలి ఆ గట్టి పట్టీని కోసి నాడికి చోటు కల్పించుట నేడు చిన్న శస్త్రచికిత్సయే. వ్యాధి అంతదూరము పోనివారు మణికట్టును తిన్నగా నిలుపు పట్టీని కట్టుకొని పరుండవలెను. నిద్రలో మణికట్టు ముడుచుకొన్నకొలది నాడి సాగు ఆ దారి మరింత ఇరుకగును గనుక, పట్టీ దానిని నివారించును. రాత్రి కట్టి ఉదయము విప్పునది గావున పగటి కూలికి నష్టమును లేదు.