వంతగాడి గొంతు

తెలుగులో 'వంత పాడటం' అనేది తిట్టు. ఏలినవారు ఏది చెప్తే దానికి తలూపేవాణ్ని వంత పాడుతున్నాడంటాం. 'తాన అంటే తందాన' అన్న మాటా అలాంటిదే. అభ్యుదయ రచయితలు సైతం ఈ మాటల్ని తమ వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో విరివిగా వాడుతూ వచ్చారు. కాని ఈ మాటలు పుట్టిన చోటికి వెళ్లి చూస్తే అక్కడ నిలబడి ఉన్నది తలూపే మనిషి కాదు. చేత్తో దరువు వేస్తూ, నోటితో పాడుతూ, అవసరమైన చోట కథకుణ్ని ఆపి ప్రశ్నించే కళాకారుడు. అతని పని పేరునే మనం దాస్యానికి మారుపేరుగా చేసుకున్నాం. దీన్ని భాషలో యాదృచ్ఛికంగా జరిగిన మార్పు అని తోసిపుచ్చలేం. కళలో ఎవరికి పెద్దపీట, ఎవరికి చిన్నపీట అన్న విషయంలో మనకున్న అంచనా ఈ తిట్టులో దాగి ఉంది.

వాయిస్తూ పాడే మనిషిని మన విమర్శ ఎందుకు చూడలేకపోయింది? చూడకపోవటం వల్ల ఏం పోగొట్టుకుంది? ఈ రెండు ప్రశ్నల్నీ పరిశీలిద్దాం.

ముందు బుర్రకథ సంగతి. తంబురా భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని మధ్యన నిలబడేవాడు కథకుడు. అతనికి రెండు పక్కలా డక్కీలు పట్టుకుని ఇద్దరు వంతలు. డక్కీని గుమ్మెట అని కూడా అంటారు. ఈ ఇద్దరిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు పల్నాటి యుద్ధంలోనో బొబ్బిలి యుద్ధంలోనో ఉంటాడు. రాజకీయ వంత అతణ్ని ఆపి, ఆ కాలం సంగతి సరే, ఇవాళ మన ఊళ్లో జరుగుతున్నదేమిటని అడుగుతాడు. కథకుడిది గతమైతే వంతది వర్తమానం. ప్రేక్షకుడు కథలో పూర్తిగా మునిగిపోకుండా, ఆలోచించే మనిషిగా మిగలాలని బెర్టోల్ట్ బ్రెహ్ట్ తన నాటకాల్లో ఎన్నో పద్ధతులు ప్రయోగించాడు. వాటిని మనం శ్రద్ధగా చదువుకున్నాం. ఆ పనినే మన ఊరి అరుగు మీద డక్కీ పట్టుకున్న మనిషి చేస్తున్నాడని మాత్రం గట్టిగా చెప్పుకోలేదు.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడిన తర్వాత బుర్రకథ అంత పదునైన ఆయుధం ఎలా అయింది? ఈ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబు సాధారణంగా వస్తువు గురించే ఉంటుంది. పాత రూపంలో కొత్త సారాన్ని నింపారంటాం. నిజమే. కాని ఆ సారం నిలవటానికి రూపంలో చోటు ఉండాలి కదా! ఆ చోటు వంతది. హరికథలో కథ చెప్పేవాడు ఒక్కడే. కథలో ఉన్నదీ, దాని మీద వ్యాఖ్యానమూ ఆ ఒక్క నోటినుంచే రావాలి. బుర్రకథలో మాటకు మాట అడ్డం వచ్చే మనిషి వేదిక మీదే ఉన్నాడు. పైగా అతని చేతిలో తాళం ఉంది. అతను డక్కీ ఆపితే కథ ఆగుతుంది. ప్రశ్నించే హక్కు అతనికి ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు, దరువు తన చేతిలో ఉండటం వల్ల వచ్చింది.

షేక్ నాజర్ (1920–1997) గొప్పతనాన్ని మనం గుర్తించాం. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ 'పింజారి' చదివినవారు ఎందరో ఉన్నారు. 1954 నాటి 'అగ్గిరాముడు' సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథను ఇవాళా చూడవచ్చు. చూసినవారు నాజర్‌ను మరచిపోరు. అటూ ఇటూ ఉన్నవారి పేర్లు అడిగితే చెప్పగలిగేవారు అరుదు. నాజర్ ఔన్నత్యాన్ని తగ్గించటానికి ఈ మాట అనటం లేదు. ఆ ఔన్నత్యం మూడు గొంతుల మీదా, రెండు డక్కీల మీదా నిలబడిందని గుర్తు చేయటానికే అంటున్నాను.

ఇక తెలంగాణలోకి వద్దాం. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు పాఠకుడికి బుర్రకథ కంటే ఒగ్గు కథే దగ్గరి చుట్టం. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రహదారి కొమురవెల్లి మల్లన్న భక్తుల దారి కూడా. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారాన్ని అక్కడ 'పట్నం వారం' అంటారు. ఆ రోజు హైదరాబాదు నుంచి భక్తులు ఈ దారినే వెళ్తారు. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం వేసి మల్లన్న పెళ్లి కథ పాడతారు. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. అంటే ఈ కళకు పెట్టిన పేరే వాయిద్యం పేరు. బుర్రకథకు బుర్ర పేరు, ఉత్తరాంధ్ర జముకుల కథకు జముకు పేరు. కథకు కర్త ఎవరని జనం అడగలేదు, ఏ వాయిద్యం మీద నడుస్తుందో దాన్నిబట్టి పిలుచుకున్నారు. 'దరువు' అన్న మాటనే చూడండి. డప్పు మీద పడే దెబ్బా దరువే, యక్షగానంలో పాడే పాటా దరువే. కొట్టేదానికీ పాడేదానికీ మన భాష ఒకే మాట పెట్టుకుంది. విడదీసినవాళ్లం మనం.

చుక్క సత్తయ్య (1935–2017) జనగామ ప్రాంతపు మాణిక్యాపురం నుంచి, మిద్దె రాములు వేములవాడ దగ్గరి హన్మాజీపేట నుంచి ఒగ్గు కథను గుడి ముంగిలి దాటించి పెద్ద వేదికల మీదికి తెచ్చారు. వారి పేర్లు మనకు తెలుసు. వారి వెనక డోలు వేసినవారూ, తాళాలు పట్టినవారూ, చరణం చివర గొంతు కలిపి కథను పైకి లేపినవారూ పేర్లు లేకుండానే వెళ్లిపోయారు. ఒగ్గు కథలో వీరు ఊరికే వెనక నిలబడేవారు కారు. ప్రధాన కథకుడికి జవాబు చెప్తారు, కథలో పాత్రలవుతారు, యుద్ధం వచ్చిన చోట దరువు పెంచి, ఏడుపు వచ్చిన చోట దించుతారు.

వాయిస్తూ పాడటంలో ఉన్న విద్య ఏమిటో ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఊరికే పాడేవాడు రాగాన్ని తనకు ఇష్టమైనంత సేపు సాగదీయవచ్చు. వాయిస్తూ పాడేవాడికి ఆ వీలు లేదు. ఊపిరి ఎక్కడ తీయాలో చెయ్యి చెప్తుంది. మాటలోని పరుషాక్షరం దెబ్బ మీద పడాలా, దెబ్బకు ముందు పడాలా అన్నది అతను ఆ క్షణాన తేల్చుకోవాలి. దెబ్బ మీద పడితే మాట ఆజ్ఞ అవుతుంది, ముందు పడితే ఎత్తిపొడుపు అవుతుంది, వెనక పడితే నిట్టూర్పు అవుతుంది. ఒకే మాటకు మూడు అర్థాలు. కాగితం మీద ఈ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. మరి కాగితాన్ని మాత్రమే చదివే విమర్శకు ఇతను కనిపించకపోవటంలో వింత ఏముంది?

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన సమస్య కాదు. అమెరికాలో 1960ల చివర నల్లజాతి వారి సోల్ సంగీతమూ రాక్ సంగీతమూ కలిసి ప్రవహించిన రోజుల్లో బడ్డీ మైల్స్ (1947–2008) అనే డ్రమ్మర్ ఉండేవాడు. ఒమాహా నగరంలో పుట్టి, పన్నెండేళ్ల వయసుకే తండ్రి జాజ్ బృందంలో వాయించాడు. 1967లో మైక్ బ్లూమ్‌ఫీల్డ్‌తో కలిసి ఎలక్ట్రిక్ ఫ్లాగ్ బృందంలో చేరాడు. 1969 డిసెంబరు 31న, 1970 జనవరి 1న న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో జిమీ హెండ్రిక్స్, బిల్లీ కాక్స్‌లతో కలిసి అతను ఇచ్చిన కచేరీల నుంచే 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' రికార్డు తయారైంది. ముగ్గురూ నల్లవారే. అందులోని 'మెషిన్ గన్' పాటను వియత్నాంలో పోరాడుతున్నవారికే కాక, షికాగో, మిల్వాకీ, న్యూయార్క్ నగరాల్లో పోరాడుతున్నవారికి కూడా హెండ్రిక్స్ అంకితం చేశాడు. ఆ పాటలో తుపాకీ చప్పుడు గిటారు నుంచి ఎంత వస్తుందో మైల్స్ డ్రమ్ము నుంచీ అంతే వస్తుంది. ఆ చప్పుడు పుట్టించిన మనిషే సన్నని, ఎత్తైన గొంతుతో వెనకనుంచి పాడతాడు. చంపే ధ్వనీ, ఏడ్చే గొంతూ ఒకే ఒంట్లోంచి రావటం అందులోని విశేషం.

ఈ రికార్డు గురించి మాట్లాడేవారు హెండ్రిక్స్ గిటారుకే వ్యాసాలన్నీ ధారపోశారు. మైల్స్‌కు దక్కింది ఒక ఫిర్యాదు: దరువు మరీ బరువు, నైపుణ్యం తక్కువ అని. అంతకుముందు హెండ్రిక్స్‌తో వాయించిన మిచ్ మిచెల్ చేతిలోని చురుకుతో పోల్చి ఈ మాట అన్నారు. పోలికే సరైంది కాదు. మిచెల్ గిటారుతో సంభాషిస్తాడు. మైల్స్ పాటను మోస్తాడు. తాను రాసి తానే పాడిన 'ఛేంజెస్' విన్నవారికి ఇది తేటతెల్లమవుతుంది. దరువు అక్కడ సాదాగా ఉన్నది చేతకాక కాదు, దాని మీద గొంతు నిలబడాలి గనుక. గోడలో పునాది రాయి నునుపుగా లేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?

మైల్స్ తర్వాతి కథ మనకు మరింత అవసరం. 1980ల రెండో సగంలో అమెరికన్ టెలివిజన్‌లో కాలిఫోర్నియా ఎండుద్రాక్షల ప్రకటనలు వచ్చాయి. మట్టితో చేసిన ద్రాక్షపళ్ల బొమ్మలు సోల్ పాట పాడుతూ నాట్యం చేస్తాయి. ఆ బొమ్మల వెనక ప్రధాన గొంతు బడ్డీ మైల్స్‌ది. పిల్లలకు బొమ్మలు తెలుసు, మనిషి తెలియదు. మార్కెట్టు అతని గొంతు కొనుక్కుని చేతిని వదిలేసింది. కార్పెంటర్స్ బృందంలోని కేరెన్ కార్పెంటర్ (1950–1983) విషయంలోనూ జరిగింది ఇదే. ఆమె మొదట డ్రమ్మరు. గొంతుకు గిరాకీ పెరిగేకొద్దీ ఆమెను డ్రమ్ముల వెనకనుంచి లేపి మైకు ముందు నిలబెట్టారు.

మన దగ్గర ఇదే పని తలకిందులుగా జరుగుతోంది. ఒగ్గు డోలు విన్యాసం ఇవాళ ప్రభుత్వ ఉత్సవాల్లో, బోనాల ఊరేగింపుల్లో, నాయకుల స్వాగతాల్లో తప్పనిసరి అయింది. మేడ్చల్ దారిలో, శామీర్‌పేట దారిలో లేచిన ఫంక్షన్ హాళ్ల ముంగిట కూడా డోళ్లు మోగుతాయి. కళాకారులకు నాలుగు డబ్బులు వస్తున్నాయి. అది తక్కువ విషయం కాదు, దాన్ని వెక్కిరించే హక్కు కడుపు నిండినవారికి లేదు. కాని పిలిచినవారు ఏం అడుగుతున్నారు? కొట్టమంటున్నారు, ఎగరమంటున్నారు. కథ చెప్పమని అడగటం లేదు. అక్కడ చేతిని వదిలి గొంతు కొన్నారు, ఇక్కడ గొంతు వదిలి చేతిని కొంటున్నారు. వాయిస్తూ పాడే మనిషి నిండుగా ఎవరికీ అక్కరలేదు. నిండుగా ఉంటే అతను ప్రశ్న వేస్తాడు గనుక.

మార్కెట్టును తప్పుపట్టి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. విమర్శ కూడా తన వంతు చేసింది. బిరుదురాజు రామరాజు 1950లలో జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన తర్వాతి తరాలకు దారి వేసింది. ఆయన కృషి లేకపోతే మనకు ఎన్నో పాటలు దక్కేవి కావు. అయితే ఆ దారిలో నడిచినవారిలో చాలామంది 'సాహిత్యం' దగ్గరే ఆగిపోయారు. ఉద్యమ పాటల విషయంలోనూ అంతే. మేడ్చల్ దాటితే వచ్చే తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ (1949–2023) పాటలను పుస్తకాల్లో చదువుకున్నాం, విశ్లేషించుకున్నాం. ఆ పాటల పక్కన సిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని డప్పును నిప్పు సెగకు కాచి వాయించిన చేతులు పుస్తకంలోకి రాలేదు. కారణం వెతకటానికి దూరం పోనక్కరలేదు. అక్షరం పైన, గొంతు దానికింద, తోలు మీద పడే చెయ్యి అన్నిటికంటే కింద అనే వరస వర్ణవ్యవస్థ మనకు అప్పగించి పోయింది. తోలు తాకినవాణ్ని ఊరి బయట ఉంచిన సమాజంలో అతని దరువును కావ్యశాస్త్రం బయట ఉంచటం సులువైంది. శ్రమను కీర్తించిన మనం, కళలో శ్రమ కంటికి కనిపించే చోటునే దాటవేశాం.

ఇలా అన్నందువల్ల వంతగాడు చేసిందంతా ప్రగతిశీలమని కాదు. హాస్య వంతలు ఆడవాళ్ల మీద, కులాల మీద వేసిన మోటు జోకులు తక్కువేమీ కావు. ఒగ్గు కథల్లో దేవుడి మాటకు ఆడది తల వంచే సన్నివేశాలున్నాయి. మైల్స్ సైతం కొన్నిచోట్ల గొంతు విన్యాసాన్ని అవసరానికి మించి సాగదీశాడు. ఈ లోపాలను ఎత్తిచూపటానికైనా ముందు అతణ్ని కళాకారుడిగా లెక్కలోకి తీసుకోవాలి. లెక్కలో లేనివాణ్ని మెచ్చుకోవటమూ కుదరదు, విమర్శించటమూ కుదరదు.

సాహిత్య విద్యార్థులు చేయదగిన పని ఎదురుగానే ఉంది. ఒగ్గు కథ మీదో, బుర్రకథ మీదో పరిశోధన చేసేటప్పుడు కథకుడి పేరు రాసిన పుటలోనే డోలు వేసినవారి పేర్లూ, వంతల పేర్లూ రాయండి. పాట ఎత్తి రాసేటప్పుడు దెబ్బ ఏ అక్షరం మీద పడిందో గుర్తు పెట్టండి. ప్రశ్న ఎక్కడ వచ్చిందో, అది రాసుకున్నదా, అప్పటికప్పుడు పుట్టిందా అడగండి. రచయితలు చేయదగిన పని ఇంకా చిన్నది. అధికారానికి తలూపేవాణ్ని తిట్టటానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. భట్రాజు పొగడ్తలనండి, భజన అనండి. 'వంత పాడటం' అన్న మాటను మాత్రం దాని సొంతదారుకు తిరిగి ఇచ్చేయండి. దాని అసలు అర్థం దరువు తప్పకుండా ప్రశ్న వేయటం.