రెండు క్లిక్కులు వెనక్కి

ఆదివారం మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి చొక్కాకి ఆముదం వాసన పట్టి ఉంటుంది. కాలిన ఆముదం వాసన. చిన్నప్పుడు మా నాయనమ్మ గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి తీసిన వంటాముదానికి ఇది దగ్గరి చుట్టమే, కాకపోతే పొగతో కలిసి కాస్త తియ్యగా ఉంటుంది. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన ఏడాది, 1988లో, ఆ వాసన మొదటిసారి నా ముక్కుకి తగిలింది. నేను కట్టి ఎగరేసే విమానాల ఇంజన్లు ఇప్పటికీ ఆ ఆముదం మీదే తిరుగుతున్నాయి.

విమానమంటే మనిషి ఎక్కేది కాదు, నేల మీద నిలబడి రేడియోతో నడిపేది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 5 అడుగులు, బరువు రెండున్నర కిలోలు, ముక్కున 6.5 సీసీ ఇంజను. పాత మోపెడ్ ఇంజనులో ఎనిమిదో వంతు. అరచేతిలో పట్టే ఆ ఇంజను పూర్తి వేగంలో నిమిషానికి దాదాపు 12,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 200 పేలుళ్లు. అన్ని పేలుళ్లకీ నిప్పు పెట్టడానికి అందులో స్పార్క్ ప్లగ్గు లేదు. గ్లో ప్లగ్గు అని ఒకటుంటుంది, లోపల వెంట్రుకంత ప్లాటినం తీగ చుట్ట. స్టార్ట్ చేసేటప్పుడు దానికి ఒకటిన్నర వోల్టుల సెల్లు తగిలిస్తే ఎర్రగా కాగుతుంది. ఇంజను అందుకున్నాక సెల్లు పీకేస్తాం. పీకేసినా తీగ చల్లారదు. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకితే చాలు, వేడి పుడుతుంది. దానికి తోడు ప్రతి పేలుడూ తర్వాతి పేలుడు కోసం తీగలో కాస్త వేడి మిగిల్చి పోతుంది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్గుని మార్కెట్లోకి తెచ్చాక కాయిలూ, కండెన్సరూ, వాటి బ్యాటరీ మోసే భారం బుల్లి విమానాలకి తప్పింది. ముప్పై ఏళ్లు దాటినా, సెల్లు పీకేసిన ఆ క్షణంలో ఇంజను తన కాళ్ల మీద తాను నిలబడటం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇంధనం మేమే కలుపుకుంటాం. నూటికి 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం. అంతర్జాతీయ పోటీల్లో కొన్ని విభాగాలకి ఇచ్చేదీ ఇదే. నైట్రోమీథేన్ కొద్దిగా కలిపితే ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు మరింత నిలకడగా ఉంటుంది గానీ, అది మాకు దొరికేది కాదు. అది లేకుండానే నేర్చుకున్నాం. ఆముదం పెట్రోలులో సరిగ్గా కలవదు, మిథనాల్‌లో ఇట్టే కలిసిపోతుంది. మామూలు నూనె పలచబడి జారిపోయే వేడిలో కూడా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదమే తాగేవి. కాస్ట్రాల్ పేరులో దాక్కున్నదీ ఈ కాస్టర్ ఆయిలే. మహబూబ్‌నగర్, నల్గొండ చెలకల్లో ఆముదం చేలు కనిపిస్తే నాకు ఇంజన్లే గుర్తొస్తాయి.

నాయనమ్మ తీసిన ఆముదమే వాడదామని ఒకసారి ఊరి నుంచి సీసాడు తెచ్చుకున్నాను. ఇంజను చక్కగా తిరిగింది. వారం తర్వాత చూస్తే పిస్టన్ అంగుళం కదల్లేదు. ఇంట్లో ఉడికించి తీసిన నూనెలో తేమా, జిగురూ మిగిలిపోతాయి. కాలాక ఆ జిగురు సిలిండరు గోడకి లక్కలా పట్టేస్తుంది. కావలసింది జిగురు తీసి వడగట్టిన ఆముదమని అప్పుడు తెలిసింది. ఏడుపు మొహంతో నాయనమ్మకి చూపిస్తే, "వేడి చూపించరా, ఆముదం పట్టు వేడికే వదులుతుంది" అంది. ఇంజను విప్పి, ఇంధనం చుక్క లేకుండా తుడిచి, మరిగిన నీళ్లలో పెట్టి తీశాను. గుడ్డతో పట్టుకుని తిప్పితే తిరిగింది. ఈ విద్యలో నాకు చెప్పినవాళ్లలో ఆమె కూడా ఉంది.

మిథనాల్ విషయంలో మాత్రం ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నేను ఊరుకోను. కల్తీ సారాలో చూపు తీసేదీ, ప్రాణం తీసేదీ ఇదే. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. ఎండలో దాని మంట కంటికి ఆనదు. సీసా మీద పెద్దక్షరాలతో పేరూ, పక్కన బకెట్టెడు నీళ్లూ లేకుండా నేను మైదానానికి వెళ్లను.

విమానం కట్టేది చలికాలం రాత్రుళ్లు. బాల్సా చెక్క దక్షిణ అమెరికాది, మంచి పలకలు ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తాయి. టేకు బరువులో నాలుగో వంతు కూడా ఉండదు. ఒకే కట్టలోంచి రెండు పలకలు తీసి చెరో చేత్తో పట్టుకుంటే తేడా తెలుస్తుంది. బరువైనది రెక్క దూలానికి, తేలికది తోకకి. తోకలో గ్రాము పెరిగితే, దాన్ని సరితూచడానికి ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం పెట్టాలి మరి.

బల్ల మీద ప్లాను పరిచి, జిగురు అంటకుండా దాని మీద పలచటి పాలిథిన్ కాగితం వేసి, కింది దూలాన్ని గుండుసూదులతో బిగిస్తాను. దాని మీద పక్కటెముకలు ఒక్కొక్కటే నిలబెట్టాలి. ఒక్కోదానికీ జిగురు బొట్టు, మూలమట్టం, ఊపిరి బిగపట్టడం. అన్నీ నిలబడ్డాక ఒక కొస దగ్గర గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి చూస్తాను. ఏదో ఒకటి అర మిల్లీమీటరు పొంగి ఉంటుంది. కన్ను పట్టుకోలేకపోయినా బొటనవేలు పట్టుకుంటుంది. పొడవాటి చెక్కకి అతికించిన ఉప్పుకాగితంతో ఆ పొంగు మీద మెల్లగా రుద్దితే, తెల్లటి పొడి బియ్యప్పిండిలా రాలి, గీతంతా ఒక్కటైపోతుంది. వట్టి వేళ్లతో కాగితం పట్టి రుద్దితే పల్లం పడుతుంది. ఒకసారి పడ్డ పల్లం పూడదు. ఇప్పుడు రెక్క మీద రంగుల ఫిల్ము వేసి ఇస్త్రీపెట్టెతో లాగేస్తున్నాం. అప్పట్లో పలచటి కాగితం అంటించి నీళ్లు చిలకరించేవాళ్లం. ఆరేకొద్దీ బిగుసుకుని, తెల్లారేసరికి వేలితో తడితే మద్దెలలా మోగేది.

ఇదంతా ఓపిక ఉన్నవాళ్లెవరైనా చేస్తారు. అసలు పరీక్ష మైదానంలో, నీడిల్ దగ్గర ఉంటుంది.

నీడిల్ అంటే కార్బొరేటర్‌లోకి ఎంత ఇంధనం పోవాలో నిర్ణయించే సన్నటి మర. తిప్పితే గరగరమని క్లిక్కులు వినిపిస్తాయి. వెనక్కి తిప్పితే ఇంధనం ఎక్కువై ఇంజను గుడగుడమంటుంది, పొగ బాగా వస్తుంది. లోపలికి తిప్పేకొద్దీ గుడగుడ తగ్గి, గొంతు సన్నబడి, ఒకచోట శ్రుతి కలిసినట్టు నిండుగా పలుకుతుంది. ఆ పలుకు వింటే చెయ్యి అక్కడే ఆగిపోతుంది. ఆగకూడదు.

మా గురువుగారు వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంజను తిరుగుతుంటే విమానం వెనక్కి వచ్చి మోకాళ్ల మీద కూర్చునేవారు; ఫ్యాను ముందు నిలబడి నీడిల్ ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టేవారు. శ్రుతి కుదరగానే రెండు క్లిక్కులు వెనక్కి తిప్పేవారు. గొంతు కొంచెం బొంగురుపోయేది. తర్వాత ఇంధనం గొట్టాన్ని రెండు వేళ్లతో క్షణం నొక్కి వదిలేవారు. వేగం ఒక్క రవ్వ పెరిగి మళ్లీ దిగితే సరే. ఆ తర్వాత విమానాన్ని ముక్కు ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని వినేవారు. అవన్నీ ఒక నోటుపుస్తకంలో నాతో రాయించేవారు: తేదీ, వేళ, వాతావరణం, నీడిల్ ఎన్ని చుట్లు, ఎన్ని క్లిక్కులు.

మొదటిసారి నేను ఒంటరిగా ఎగరేసిన రోజు ఆయన కాస్త ఎడంగా నిలబడ్డారు. నీడిల్ నేనే తిప్పాను. శ్రుతి కుదిరింది. ఆ నిండు గొంతుని పాడుచెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

"సార్, బాగా పలుకుతోంది కదా," అన్నాను.

"పలుకుతోంది, నేల మీద," అన్నారాయన.

నాకు అర్థం కాలేదు. గాలికి ఎదురుగా వదిలాను. పరిగెత్తి, లేచి, బాణంలా పైకి పోయింది. ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు ట్యాంకులోని ఇంధనం ఇంజనుకి ఎదురెక్కాలి. పైగా గాల్లో ఫ్యాను మీద భారం తగ్గి ఇంజను మరింత వేగంగా తిరుగుతుంది, మరింత ఆకలి వేస్తుంది. నేల మీద సరిగ్గా సరిపోయింది అక్కడ చాలదు. నాలుగు తాటిచెట్ల ఎత్తులో ఇంజను ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. అంతటి నిశ్శబ్దం నేను మళ్లీ వినలేదు. ఆ క్షణంలో ముక్కు దించి, వేగం నిలుపుకుని, ఎదురుగా ఎక్కడ చోటుంటే అక్కడ దింపాలి. నేను భయంతో ముక్కు పైకి లాగాను. రెక్క గాలి పట్టు వదిలేసింది. ఎడమ రెక్క కిందికి వాలి, విమానం గిరగిర తిరుగుతూ జొన్నచేలో పడింది.

సార్ ఒక్క మాట అనలేదు. నాతోపాటు జొన్నల్లో వంగి ముక్కలు ఏరారు. ఇంజను దొరికాక మట్టి తుడిచి, నీడిల్ నా చేతికిచ్చి రెండు క్లిక్కులు వెనక్కి తిప్పించారు. గర్, గర్. "ఈ రెండూ గాల్లో ఖర్చుపెట్టుకోడానికిరా. నేల మీదే ఖర్చుపెట్టేశావు," అన్నారు. మూడు నెలలు కట్టిన రెక్క ముక్కలు సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకున్న వరుసలో అక్షరాలు ఇప్పటికీ వంకరగా ఉంటాయి.

ఆ రెండు క్లిక్కులు కూడా రోజూ ఒకేచోట ఉండవు. డిసెంబరు తెల్లవారుజామున గాలి చిక్కగా ఉంటుంది, ఇంధనం ఎక్కువ అడుగుతుంది. మే నెల ఎండలో గాలి పలచబడుతుంది, నీడిల్ కాస్త లోపలికి పోవాలి. కోస్తాలో ఎగరేసినప్పుడు ఉక్కపోతకి మళ్లీ వేరే లెక్క. అందుకే ప్రతి ఉదయం ఇంజనుని పలకరించి, అది ఏమంటోందో వినాలి.

బుల్లి విమానాలు కట్టిన మేనార్డ్ హిల్ గురించి చదివినప్పుడు ఈ నీడిల్ లెక్కే గుర్తొచ్చింది. 2003 ఆగస్టు 9న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కొస, కేప్ స్పియర్ దగ్గర, ఆయన తన చేత్తో విసిరిన బాల్సా విమానం అట్లాంటిక్ దాటింది. దాదాపు 39 గంటలు, మూడు వేల కిలోమీటర్లు. ఇంధనంతో కలిపి 5 కిలోల లోపే బరువు. 10 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను. సముద్రం మీద దారి చూపింది జీపీఎస్. ఐర్లండ్ ఒడ్డున, 1919లో మొదటిసారి ఎక్కడా ఆగకుండా విమానంలో అట్లాంటిక్ దాటిన ఆల్‌కాక్, బ్రౌన్‌లు దిగిన క్లిఫ్డెన్ దగ్గరే, ఆయన మిత్రుడు డేవ్ బ్రౌన్ రేడియో అందుకుని కిందికి దింపాడు. అంతకుముందు పంపినవేవీ చేరలేదు. అప్పటికి హిల్ వయసు 77. చూపు దాదాపు పోయింది, చెవులు సరిగ్గా వినిపించవు. చేతి వేళ్లతో తడుముకుంటూ, తన కళ్లుగా చెవులుగా మిత్రుల్ని నిలబెట్టుకుని కట్టాడు. ఇంజనుకి వీలైనంత తక్కువ తినిపించి ఎక్కువ దూరం నడిపించడమే ఆయన ఏళ్ల తరబడి చేసిన పని. ఈ విద్యలో ఎవరికి దండం పెట్టాలని అడిగితే నేను ఆయన పేరే చెబుతాను.

ఇప్పుడు మైదానంలో ఎక్కువగా కరెంటు మోటార్లే. బ్యాటరీ పెట్టి వదిలితే ఎగిరిపోతుంది, చొక్కాకి నూనె అంటదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే మంచిదని నేనే చెబుతాను. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక మేం కూడా ఎగరేసే ముందు మ్యాపు చూసుకుంటున్నాం. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల లోపు, కంటికి ఆనేంత దూరంలోనే. మంచి నియమం అది.

మా చెల్లెలి కూతురు కరెంటు విమానంతోనే మొదలుపెట్టింది. విమానం తనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, వాలిన రెక్క వైపే స్టిక్ నెట్టమని చెబితే రెండు ఆదివారాల్లో పట్టేసింది. తర్వాత ఒకరోజు, "మావయ్యా, నీ ఆముదం విమానం నేర్పవా," అంది.

మొన్నటి ఆదివారం, రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన ఉదయం, నీడిల్ నేను తిప్పాను. శ్రుతి చూసుకుని రెండు క్లిక్కులు వెనక్కి వచ్చాను. నాకు సరిగ్గానే ఉంది. తను మాత్రం తల పక్కకి వంచి వింటోంది.

"గుడగుడ పూర్తిగా పోలేదు మావయ్యా. మధ్యమధ్య తడబడుతోంది."

నాకు వినిపించలేదు. ఇంజన్ల పక్కన గడిపిన చెవులు నావి, సన్నటి తేడాలు ఈమధ్య జారిపోతున్నాయి. లేచి పక్కకి జరిగి, "నువ్వే చూడమ్మా," అన్నాను. తను విమానం వెనక్కి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్క క్లిక్కు లోపలికి తిప్పింది. గొట్టం నొక్కి వదిలింది. నేను ముక్కు పైకెత్తి పట్టుకుంటే విని, తల ఊపింది.

పది నిమిషాలు ఎగరేశాం. దిగాక ట్యాంకులో మిగిలింది సిరంజితో లాగి సీసాలో పోసి, రెక్కల మీది నూనె పాత పంచె ముక్కతో తుడిచాం. గాలిలోని తేమ పట్టి బేరింగులు తుప్పెక్కకుండా కార్బొరేటర్‌లో నాలుగు చుక్కల నూనె వేసి ఫ్యాను చేత్తో తిప్పాను. అప్పటికే తను నా సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ఆముదం వేలిముద్ర పేజీకి అంటుతున్నా పట్టించుకోకుండా, ఒళ్లో పెట్టుకుని రాస్తోంది: ఉదయం 7, రాత్రి వాన, గాలి లేదు, నీడిల్ రెండున్నర చుట్లు, వెనక్కి రెండు, లోపలికి ఒకటి.