వైద్యవిద్యార్థికి నోటి పాఠము – ఒక పరిశీలన

జ్వరముతో వచ్చిన రోగిని నోరు తెరువుమని వైద్యుడు నాలుక చూచును, గొంతు చూచును. నడుమనున్న పండ్లను చూడక విడుచును. ఇది చదువులోనే పడిన అలవాటు. 1840లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున దంతవైద్యమునకు ప్రత్యేక కళాశాల వెలసెను. నాటినుండి వైద్యము ఒక దారిని, దంతవైద్యము వేరొక దారిని నడచినవి. కాని శరీరమునకు ఈ విభజన తెలియదు. 2007లో మేరీలాండ్ రాష్ట్రమున పండ్రెండేండ్ల బాలునికి పంటినుండి పుట్టిన చీము మెదడునకు ప్రాకి ప్రాణము తీసినది.

ఈ లోటును తీర్చుటకు అమెరికాలోని కుటుంబవైద్య అధ్యాపకుల సంఘము 2005లో 'స్మైల్స్ ఫర్ లైఫ్' అను పాఠావళిని వెలువరించినది. తరువాతి కూర్పులలో ఇది ఎనిమిది పాఠములుగా పెరిగి, ఇంటర్నెట్ ద్వారా ఉచితముగా లభించుచున్నది. శిశువులు, గర్భిణులు, పెద్దలు, వృద్ధులు, ఆకస్మికముగా వచ్చు పంటి బాధలు, నోటిని పరీక్షించు విధము మొదలైనవి ఇందలి విషయములు.

వీనిలో ఉత్తమమైనది ఫ్లోరైడ్ పూతను గూర్చిన పాఠము. పంటిపై చేరిన సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆమ్లము ఎనామిల్ పొరలోని కాల్షియమును, ఫాస్ఫేటును కరిగించును. లాలాజలము వానిని మరల చేర్చును. కరగుట హెచ్చైనపుడు చిగురు అంచున సుద్దవంటి తెల్లమచ్చ కనబడును. అప్పటికింకను పన్ను పుచ్చలేదు. ఫ్లోరైడ్ పూత దానిని నిలువరింపగలదు. టీకాలకు వచ్చు శిశువు దంతవైద్యునికంటె ముందుగా చేరునది సాధారణ వైద్యునికడకే గదా! తల్లియు వైద్యుడును మోకాళ్ళు తాకునట్లు ఎదురుగా కూర్చుండి, బిడ్డను ఒడిలో పరుండబెట్టి, పెదవి పైకెత్తి చూచు పద్ధతిని నేర్పుట ఎంతయు మెచ్చదగినది. ఇచట కారణము తెలిసినది, చేతికి పని దొరికినది.

పెద్దలకు సంబంధించిన పాఠములలో ఈ బలము తగ్గినది. రోగమును గుర్తించుట, సలహా చెప్పుట, దంతవైద్యుని కడకు పంపుట – ఇంతటితో వైద్యుని పని ముగియుచున్నది. కాని 1965లో ఆ దేశమున నెలకొల్పిన మెడికేర్ వృద్ధుల సాధారణ దంతచికిత్సకు ధనమీయదు. పొమ్మన్నచోటికి పోలేని రోగికి వైద్యుడు చేయగలదేమి? పాఠముల బరువు ఈ ప్రశ్నపై చాలినంతగా పడలేదు. మరియు నాలుక ప్రక్కలను, దాని అడుగుభాగమును వ్రేలితో తడిమి గట్టిదనము కనుగొనుట తెరపై బొమ్మలు చూచిన మాత్రమున రాదు. పాఠాంతమున ఇచ్చిన ప్రశ్నలు జ్ఞాపకమును పరీక్షించును గాని వ్రేలిని పరీక్షింపజాలవు. ఆ కొరత తీర్పవలసినది దగ్గరనుండి నేర్పు గురువే.

తెలుగు విద్యార్థి దీనిని చదువునపుడు రెండు సంగతులు మరువరాదు. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు స్త్రీలలో కలదు. దీనివలన అంగిటిపై పుండు, క్యాన్సరు కలుగవచ్చును. అమెరికా వైద్యుడు ముఖ్యముగా నాలుక ప్రక్కలను, దాని అడుగును వెదకును. ఇచటి వైద్యుడు అంగిలిని కూడ అంత శ్రద్ధతో చూడవలెను. రెండవది నీరు. ఫ్లోరైడ్ మాత్రలు ఇచ్చుటకు ముందు త్రాగునీటి సంగతి అడుగవలెనన్నది అచటి నియమము. అచట ప్రశ్న ఫ్లోరైడ్ చాలునా అని. నల్లగొండ పల్లెలలో ప్రశ్న అది మించినదా అని. అధిక ఫ్లోరైడ్ గల నీరు త్రాగి పెరిగిన పిల్లల పండ్లు గారలు పట్టుట, ఎముకలు వంగుట ఆ జిల్లా ఎరిగినదే.

కనుక ఫ్లోరైడ్ పూత పాఠములోని బోధనాపద్ధతి అనుసరింపదగినది; తక్కినవానిని మన ఊళ్ళ నోళ్ళను చూచి తిరిగి వ్రాసికొనవలసియున్నది. పంటిని శరీరములో భాగముగా చూపుట ఉన్నతపాఠశాలలోని జీవశాస్త్ర పాఠముతోనే మొదలైనచో, రేపటి వైద్యునికి ఆ చూపు క్రొత్తగా నేర్పనక్కరలేదు.