చదివింపుల పుస్తకంలో చుట్టాలు

జనాభా లెక్కల్లో ముత్తాత పేరు వెతుకుదామనుకునేవాళ్లకు ముందే చెప్తున్నా, దొరకదు. అమెరికాలో 72 ఏళ్లు నిండితే ఇంటింటి కాగితాలూ తెరిచేస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. మన 1948 చట్టం ఆ తలుపు వేసేసింది. మనకు మిగిలేవి మొత్తాలే.

ఆ మొత్తాలూ ఊరికే పోవు. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. మధ్యలో వచ్చింది ధాత కరువు. బేతంచెర్ల చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా నాలుగైదు తరాల దగ్గర మాట ఆగిపోతుంది. పెద్దోళ్ల మతిమరుపు మీదకు నెట్టే ముందు ఆ అంకె ఒకసారి చూడండి.

మనుషులు దొరకనప్పుడు భూమిని పట్టుకోవాలి. పాత డైగ్లాట్ అనే భూమి రిజిస్టరులో సర్వే నంబరు, దాని పక్కన పట్టాదారు పేరు ఉంటాయి. పాత రెవెన్యూ కాగితాల్లో ఉండే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: 1355 ఫసలీ అంటే 1945. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత క్రయపత్రాల నకళ్లు ఇంకా మేలు. ‘ఫలానావాని కొడుకు ఫలానా’ అని రెండు తరాలు ఒక్క వాక్యంలో దొరుకుతాయి. చెక్కుబందిలో తూర్పు చేను ఎవరిదో చూస్తే దాయాది బయటపడ్డా పడతాడు. కానీ ఇదంతా సెంటు భూమైనా ఉన్నవాళ్ల సంగతి. బండల గనుల్లో సుత్తి పట్టి బతికినవాళ్లకు ఏ డైగ్లాట్ ఉంది?

వింతేమంటే, ఊరు విడిచి పోయిన కూలీకి కాగితం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. అలా నాటాల్ వెళ్లినవాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది మచ్చ కూడా రాసుకున్నారు. తోటల యజమానికి వాళ్ల లెక్క కావాలి మరి. ఇక్కడే ఉండి కరువు గంజి తాగినవాడి లెక్క ఎవరికి కావాలి?

ఇక ఆడవాళ్లు. పిచ్చకుంట్లవాళ్లు వచ్చి గోత్రాలు, వంశాలు చెప్పినా అది మగసంతతి కథే. పెళ్లిళ్ల రిజిస్ట్రేషను మన రాష్ట్రంలో తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. మా జేజి పెళ్లికి ఏ ఆఫీసులోనూ కాగితం లేదు. ఉన్నదల్లా చదివింపుల పుస్తకం. అట్ట ఊడిపోయి, మొదటి పేజీకి పసుపు అంటి ఉంది. పందిట్లో కూర్చున్న మనిషి ఎవరినీ వదల్లేదు. ఊరు, మనిషి, రూపాయలు, చీరో చెంబో. మేనమామ వరసవాళ్లంతా ఒకచోటే ఉన్నారు, వియ్యపువాళ్లు వేరే పేజీలో. తిరిగి పెట్టాల్సిన బాకీ గనక తప్పు రాసే వీల్లేదు. ఏ సర్కారు రిజిస్టరుకూ ఇంత జాగ్రత్త ఉండదని నా నమ్మకం.

అందులో ‘బుగ్గానిపల్లె చిన్నక్క, 5 రూపాయలు, రవికె గుడ్డ’ అని ఉంది. ఆమె ఎవరి బిడ్డో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు. మా జేజినాయన ఎవరికీ బాకీ ఉంచే మనిషి కాదు. కాబట్టి ఆ 5 రూపాయలు బుగ్గానిపల్లెలో ఏదో ఒక ఇంటి పెళ్లి పుస్తకంలో ఆయన పేరు మీద జమై ఉండాలి. శనగ కోతలయ్యాక పోయి అడగాలి.