గీత ఒకరిది, రంగు ఒకరిది

కామిక్స్‌లో గీత ఒకరు, రంగు మరొకరు వేయడం మామూలు. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లయిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో మైక్ ఆల్‌రెడ్ బొమ్మలకు రంగులు వేసేది ఆయన భార్య లారా. ఆమెకు రంగుల విభాగంలో 2012 ఐస్నర్ అవార్డు వచ్చింది. ఫ్రాంక్ మిల్లర్ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ (1986)కు రంగులద్దిన లిన్ వార్లీ అప్పట్లో ఆయన జీవిత భాగస్వామి. 2001లో మొదలైన దాని కొనసాగింపుకు ఆమె కంప్యూటర్‌లో వేసిన రంగులు చాలామందికి మింగుడుపడలేదు. ఇలాంటి ఇళ్లలో ఏది పైకి అనాలి, ఏది మనసులో ఉంచుకోవాలి అన్నది పనిలో భాగమైపోతుంది.

డిజిటల్ రంగు పని గీతను శుభ్రం చేయడంతో మొదలవుతుంది. స్కాన్ చేసిన నల్లగీతను పై లేయర్‌లో ఉంచి ‘మల్టిప్లై’ పెడితే తెలుపు మాయమై గీత మాత్రం మిగులుతుంది. కింది లేయర్‌లో ముఖం, జుట్టు, చొక్కా, గోడ దేనికది ఒక్కో రంగుతో నింపుతారు. ఇవే ఫ్లాట్స్. ఇందుకోసం ఫ్లాటర్ అని వేరే మనిషిని పెట్టుకునే కలరిస్టులు ఉన్నారు. నింపేటప్పుడు అంచులను నునుపు చేసే యాంటీ-ఎలియాసింగ్ ఆపేయాలి. అంచుల్లో సగం రంగు పిక్సెళ్లు మిగిలితే, తర్వాత మ్యాజిక్ వాండ్‌తో నొక్కినప్పుడు ఆ భాగం పూర్తిగా దొరకదు. ఫ్లాట్స్‌లో రంగు సరైనదే కానక్కర్లేదు. చెట్టు గులాబీగా, ఆకాశం ఆకుపచ్చగా ఉన్నా పక్కపక్క భాగాలు విడిగా తెలిస్తే చాలు. అసలు రంగులు, వెలుగు, నీడ ఆ పైన వచ్చేవి. పేజీ తెరవగానే కన్ను ఎవరి మీద పడాలో చెప్పలేని మెరుపు దండగ.

ఫ్లాట్స్ దశలో ఫైలును చిత్రకారుడికి చూపకపోవడమే మంచిది. గులాబీ చెట్టును చూసినవాళ్లు ఏదో ఒకటి అంటారు. ఇక కలరిస్ట్ చెయ్యి ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. కాపురంలోనూ రూపు కట్టని తలపులకు ఇదే వర్తిస్తుంది. సాయంత్రపు అలసటలో పుట్టిన విసుగు, తెల్లారేసరికి నిలవని అనుమానం, ఎప్పుడో తెగిపోయిన స్నేహం మీద బెంగ. వీటన్నిటికీ భాగస్వామి దగ్గర లెక్క అప్పజెప్పాలన్న నియమం ఎవరికీ మేలు చేయదు. ఆలుమగల మధ్య దాపరికం ఉండకూడదని పెద్దలు చెప్పేది అప్పు, జబ్బు, ఇచ్చిన మాట వంటి వాటి గురించి. మనిషి ముందు తనలో తాను మాట్లాడుకుంటేనే ఎదుటివారికి చెప్పదగ్గ మాట తయారవుతుంది.

ఇద్దరి ఊహలు కలవని సందర్భమూ ఒకటుంది. కామిక్స్ రంగులకు 1988 ముఖ్యమైన ఏడు. జపాన్ కథ ‘అకిరా’ స్టీవ్ ఓలిఫ్ కంప్యూటర్‌లో వేసిన రంగులతో అమెరికా పాఠకులకు అందడం మొదలైంది అప్పుడే. అలన్ మూర్ రాసి, బ్రయన్ బోలాండ్ గీసిన ‘ది కిల్లింగ్ జోక్’ వచ్చిందీ అప్పుడే. జాన్ హిగిన్స్ దానికి చేత్తో వేసిన నారింజ, ఊదా, గులాబీ రంగులు గుప్పుమంటాయి. బోలాండ్ ఊహించుకున్నవి మసకబారిన, దిగులు రంగులు. 2008 ప్రతికి ఆయనే కంప్యూటర్‌లో కథ మొత్తానికి మళ్లీ రంగులు వేశారు. బ్యాట్‌మన్ శత్రువు జోకర్ గతం చెప్పే పేజీలు నలుపు తెలుపుల్లోకి వెళ్లి, అక్కడక్కడ ఒక్కో వస్తువు మాత్రం ఎర్రగా మిగిలింది. అందమైన పనే. అయినా హిగిన్స్ రంగుల్లోని ఉన్మాదమే ఆ కథకు ఊపిరి అనే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల వాదనలో బలం ఉంది. ఒకే కథ రెండు మనసులతో రెండు పుస్తకాలుగా మిగిలింది.

ఈ ఉదాహరణ ముందు, పచ్చి తలపును చూపకపోవడమే మంచిదన్న మాట పూర్తిగా నిలవదు. అచ్చులో ఇద్దరి పేర్లూ ఉన్నప్పుడు, గీసేవారి మనసులోని రంగు వేసేవారికి పని మొదలవకముందే తెలియాలి. ఇంట్లోనూ ఇద్దరి బతుకునూ మార్చే తలపు ఎంత పచ్చిగా ఉన్నా బయటికి రావాలి. ఉద్యోగం మానడం, ఊరు మారడం, పిల్లలు వద్దనుకోవడం లాంటివి తేల్చుకున్నాక చెబితే, ఎదుటివారికి ఒప్పుకోవడమో తిరగబడడమో తప్ప మూడో దారి మిగలదు. అలాంటప్పుడు గులాబీ చెట్టునైనా చూపాల్సిందే.

కలిసి పనిచేసేవారు ఫ్లాట్స్‌కు ముందే ప్రతి దృశ్యానికీ వేళ ఏది, వెలుగు ఎటునుంచి, ఏ రంగు తప్పనిసరి అన్నవి రాసుకోవాలి. పేజీని బొటనవేలంత చిన్నగా చేసి రంగు వేసి చూసుకుంటే తేడాలు అక్కడే బయటపడతాయి. తెర మీద ఆర్‌జీబీలో వెలిగే నీలం, ఆకుపచ్చ అచ్చుకు వాడే సీఎంవైకేకి మారగానే మందగిస్తాయి కనుక, ప్రూఫ్‌ను ఇద్దరూ చూశాకే ఫైలు అచ్చుకు వెళ్లాలి.