బొమ్మలు కదిలించే పని వల్ల ఎవరికి లాభం?

2023 ఆగస్టు 23 సాయంత్రం మన బడి హాల్లో కూర్చున్నవాళ్ళందరికీ ఆ రోజు గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు ఎనిమిదో తరగతి. బడి వదిలే వేళ దాటినా ఎవరూ ఇంటికి పోలేదు. తెర మీద ఇస్రో ప్రసారం నడుస్తోంది. 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 విక్రమ్ చంద్రుడి మీద దిగింది. మేం బెంచీలెక్కి అరిచాం. మామూలప్పుడు "కూర్చోండి" అని గద్దించే టీచరు కూడా నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంటికి పోయాక మా తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. వాడిది అప్పుడు ఒకటో తరగతి. "అక్కా, విక్రమ్ దిగుతుంటే పక్కన నిలబడి వీడియో తీసిందెవరు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత నవ్వొచ్చింది. ఎవరూ తీయలేదు! తీయడానికి అక్కడ ఎవరున్నారు? దిగుతున్న విక్రమ్ అనుకుని మనం చూసింది కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. హాలంతా చప్పట్లు కొట్టింది ఒక యానిమేషన్‌ను చూసి.

మరి మనల్ని మోసం చేశారా? నేనలా అనుకోను. ఆ బొమ్మ పక్కనే ఎత్తు ఎంత, వేగం ఎంత అని అంకెలు, గీతలు కనబడుతూనే ఉన్నాయి. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 దిగబోయినప్పటి వీడియో నేను తర్వాత చూశాను. తెర మీద ఒక ఎర్ర గీత, దాని వెంట నడిచే ఆకుపచ్చ చుక్క. చివర్లో ఆ చుక్క గీత నుంచి పక్కకు జరిగింది, ఆగిపోయింది. దేశమంతా చూస్తుండగానే ఆగిపోయింది. దిగినట్టు చూపించడానికి చుక్కను ఎవరూ ముందుకు జరపలేదు. అంకె ఏం చెబితే బొమ్మ అదే చేసింది. టీవీ వార్తల్లో తిప్పి తిప్పి వేసిన కొన్ని బొమ్మలు మాత్రం వేరే రకం. విక్రమ్ 'గుయ్' మని చప్పుడు చేస్తూ దిగుతుంది, దుమ్ము మన పల్లె రోడ్డు మీద లారీ పోయినట్టు సుడులు తిరుగుతుంది. గాలే లేనిచోట చప్పుడెలా వినబడుతుంది, దుమ్ము సుడులెలా తిరుగుతుంది? చూడ్డానికి అవే బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ నా మార్కులు ఇస్రో సాదా బొమ్మకే.

ఈ సంగతి ఇంత పొడుగ్గా చెప్పడానికి కారణముంది. ఇప్పుడు నాది పదో తరగతి. తర్వాత ఏం చదువుతావని ఎవరడిగినా "కంప్యూటర్ యానిమేషన్" అంటున్నాను. మా నాయిన షోలాపూర్‌లో సాంచెల కార్ఖానాలో పనిచేస్తాడు. అమ్మ ఇంట్లో బీడీలు చేస్తుంది. నా మాట విని నాయిన రెండు ప్రశ్నలు వేశాడు. "బొమ్మలు గీసుకుంట బతుకుతవా బిడ్డా?" అన్నది మొదటిది. అది విని నాకు కోపమొచ్చింది. రెండోది, "దాంతోని ఎవలికి ఏం ఫాయిదా?" ఈ రెండో ప్రశ్న నన్ను వదలడం లేదు. చద్దరు నేస్తే ఎవరో ఒకరు కప్పుకుంటారు. బొమ్మ కదిలిస్తే?

నాయినకు నేను మొదట చెప్పిన జవాబు ఆయన సాంచె గురించే. చద్దరు మీద నెమలి రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద ఒక్కో గడి నింపుతూ నెమలిని గీస్తారు. దాన్నిబట్టి అట్టల్లో రంధ్రాలు కొడతారు. జాకార్డులో రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది, లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. ఫ్రాన్సులో జాకార్డు అనే ఆయన 1804లో చేసిన యంత్రం ఇది. కంప్యూటర్ తెర మీది బొమ్మ కూడా గళ్ళే. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు, ప్రతి బొమ్మలో లక్షల గళ్ళు. "నీ పని, నేను చేద్దామనుకునే పని ఒక్కటే నాయినా" అన్నాను. ఆయన నవ్వి, "నాది ఉతికినా పోదు" అన్నాడు. మాట పడినా బాగుందనిపించింది.

సరే, లాభం సంగతికొద్దాం. యానిమేషన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది సినిమా. నేను ఎక్కువసార్లు చూసిన సినిమా 'ఈగ'. రాజమౌళి గారి సినిమా, 2012లో వచ్చింది. హైదరాబాదులోని మకుట సంస్థ చేసిన ఆ ఈగకు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు కూడా వచ్చింది. మొదట్లో కథ కోసం చూశాను, తర్వాత ఈగను మాత్రమే చూడ్డం మొదలుపెట్టాను. దానికి మాటలు లేవు. మనిషిలా నవ్వడానికి, ఏడవడానికి ముఖం లేదు. ఉన్నవల్లా కాళ్ళు, రెక్కలు, తల తిప్పడం. అంత మాత్రంతో దానికి కోపమొచ్చిందని, భయమేసిందని, బిందు దగ్గర అది గారాలు పోతోందని మూడేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది. ఈగ కారు అద్దం మీద బెదిరింపు రాసే చోట మా వాడంతా ఈల వేస్తుంది, ఇప్పటికీ. సుదీప్ గారు ఖాళీ గాలిని చూస్తూ భయపడ్డారని తెలిశాక ఆయన మీద గౌరవం రెట్టింపయ్యింది. పక్కన నటించాల్సిన హీరో షూటింగ్ అయ్యాక ఎప్పుడో పుట్టాడు మరి.

నచ్చనిది కూడా చెప్పాలి. రెండో సగంలో ఈగ వ్యాయామం చేయడం, ఆయుధాలు తయారు చేసుకోవడం మొదలుపెట్టాక అది ఈగ రూపంలో ఉన్న మామూలు హీరో అయిపోతుంది. నీటిబొట్టు కూడా ప్రమాదమే అన్న మొదటి భాగంలో ఉన్న ఉత్కంఠ అప్పుడు తగ్గింది. నా స్నేహితురాలు దీనికి ఒప్పుకోదు. "అదే కదే మజా" అంటుంది. ఏమైనా, రోజూ చేత్తో కొట్టేసే పురుగు వైపు నిలబడి రెండు గంటలు నన్ను ఆలోచింపజేసిన సినిమా అది. ఇది లాభమేనా అని నాయిన అడిగితే, అవునంటాను. కానీ ఈ ఒక్క జవాబుతో ఆయన ఊరుకోడని నాకు తెలుసు.

ఆయన్ను ఊరుకోబెట్టే వీడియో సైన్సు టీచరు చూపించారు. పేరు 'ఇన్నర్ లైఫ్ ఆఫ్ ది సెల్'. హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళ కోసం ఎక్స్‌వివో అనే సంస్థ 2006లో చేసింది. మన పుస్తకంలో కణం అంటే ఒక గుండ్రటి బొమ్మ, చుట్టూ బాణాలు, బాణాల చివర పేర్లు. పరీక్షలో గీసి, పేర్లు రాసి, మరిచిపోతాం. ఈ వీడియోలో కణం లోపల కైనెసిన్ అనే ప్రొటీన్ రెండు కాళ్ళున్నదానిలా తాడు లాంటి దారి మీద అడుగులో అడుగేసుకుంటూ, తన కంటే ఎన్నో రెట్లు పెద్ద మూటను లాక్కుపోతుంది. మార్కెట్ యార్డులో బస్తా మోసే హమాలీని చూసినట్టే ఉంది. ఆ రోజు నుంచి నా ఒంట్లో అలాంటివి నడుస్తున్నాయన్న సంగతి నేను మరిచిపోలేదు. ఏ కెమెరా ఆ దృశ్యాన్ని అలా తీయలేదు. శాస్త్రవేత్తలు కనుక్కున్నదాన్ని బొమ్మలవాళ్ళు కలిపి కట్టారు.

అయితే ఇందులో ఒక తప్పుంది, మన టీచరే చెప్పారు. నిజం కణంలో అంత ఖాళీ ఉండదు, అంత ప్రశాంతంగా ఉండదు. పండగనాటి సిద్ధేశ్వర జాతర లాగా లోపల కిక్కిరిసి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయట. కైనెసిన్ కూడా అంత ఠీవిగా నడవదు, ఊగుతూ తడబడుతూ పోతుంది. అవన్నీ చూపిస్తే మనకేమీ కనబడదని తీసేశారు. హార్వర్డ్ వాళ్ళే తర్వాత ఆ రద్దీని చూపిస్తూ ఇంకో వీడియో చేశారు. నేను రెండూ చూశాను. రెండోది నిజానికి దగ్గర, మొదటిది అర్థానికి దగ్గర. ఏది ఎక్కువ ఉపయోగమో నేనింకా తేల్చుకోలేదు. కానీ తీసేసినప్పుడు తీసేశామని చెప్పాలి కదా! "అర్థం కావడానికి కొన్ని తీసేశాం" అని వీడియో మొదట్లో ఒక ముక్క వేస్తే ఏం పోయింది? అది లేకపోతే మాలాంటి పిల్లలు కణం అంటే అంత సాఫీగా, సంగీతంతో సహా, ఉంటుందనుకుంటారు.

ఇక నాయిన మొదటి ప్రశ్న, బతుకుతావా అన్నది. దీనికి జవాబు చెప్పడానికి నాకే భయం. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని చూశారు కదా. పాండిచ్చేరి అబ్బాయితో పడవలో ఉన్న ఆ పులి చాలా దృశ్యాల్లో కంప్యూటర్ పులే. దాన్ని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అమెరికా సంస్థ, హైదరాబాదులోనూ ముంబయిలోనూ శాఖలుండేవి. 2013 ఫిబ్రవరి 24న ఆ పులికి ఆస్కార్ వచ్చింది. అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసి. అవార్డు తీసుకున్నాయన వేదిక మీద ఆ కష్టం గురించి మాట ఎత్తగానే సంగీతం పెంచి మైకు ఆపేశారు. ఆ వీడియో చూసిన రాత్రి నేను నాయిన ముఖం చూడలేకపోయాను. మా కార్ఖానాల్లో కూడా అంతే కదా, చద్దరు పేరు దేశమంతా తెలుసు, నేసినవాడి పేరు తెలియదు. ఇప్పుడు కంప్యూటరే బొమ్మలు గీసేస్తోందని కూడా అందరూ అంటున్నారు. గళ్ళ కాగితం మీద చేత్తో గీసేవాళ్ళ పని కంప్యూటర్ వచ్చాక ఏమైందో మా వాడలో ఎవర్నడిగినా చెబుతారు. అంచేత, చదివితే చాలు ఉద్యోగం గ్యారంటీ అని లక్షల ఫీజు అడిగే ప్రకటనలను నేను నమ్మను. 12 తర్వాత యూసీడ్ పరీక్ష రాస్తే ఐఐటీ బొంబాయిలో డిజైన్ చదవొచ్చట. నా ప్రయత్నం దానికే. రాకపోతే ఏమిటన్నది అమ్మ అడుగుతోంది, నా దగ్గర ఇంకా సమాధానం లేదు.

మనకు మాత్రమే సంబంధించిన ఇంకో మాట. ఛోటా భీమ్ హైదరాబాదులో పుట్టినవాడు, గ్రీన్ గోల్డ్ సంస్థ చేసింది, 2008 నుంచి టీవీలో వస్తోంది. కానీ మా ఇంట్లో వాడు హిందీలోనే మాట్లాడతాడు! లడ్డూ తింటే బలం రావడం, ఆ లడ్డూలు చుట్కీ తెచ్చివ్వడం నాకు నచ్చవు, కానీ తమ్ముడికి చెబితే వినడు. వాడికి తెలుగు చదవడం వచ్చింది మాత్రం ఇంకో రకం బొమ్మలతో. బుక్‌బాక్స్ అనే సంస్థ పిల్లల కథలను చాలా భాషల్లో, తెలుగులో కూడా, వీడియోలుగా చేసింది. చెబుతున్న మాటే కింద అక్షరాల్లో వస్తుంది, పలికే పదం రంగు మారుతుంది. యానిమేషన్‌గా చూస్తే అది 'ఈగ' ముందు దిగదుడుపే, బొమ్మలు పెద్దగా కదలవు కూడా. వాడు మాత్రం రంగు మారిన పదం వెంట వేలు పెట్టుకుని చదివాడు. ఇప్పుడు మూడో తరగతిలో తెలుగు పాఠం గడగడా చదువుతాడు. బడిలో, ఇంట్లో తప్ప బయట తెలుగు అక్షరం కనబడని ఊళ్ళో మనకు ఇలాంటివి ఇంకెన్ని కావాలో!

దీపావళి సెలవుల్లో నేను ఒక చిన్న యానిమేషన్ చేశాను. జాకార్డు ఎలా పనిచేస్తుందో చూపించాలని. గళ్ళ పుస్తకంలో 48 బొమ్మలు గీసి, ఒక్కొక్కటే ఫోనుతో ఫోటో తీసి కలిపితే, సెకనుకు 12 చొప్పున, నాలుగు సెకన్లు వచ్చింది. అమ్మ, "బాగుంది, ఇంతేనా?" అంది. నాయిన ఫోను చేతిలోకి తీసుకుని ఆరేడుసార్లు చూశాడు. తర్వాత వేలు పెట్టి చూపించాడు. "పోగులు ఇంక పూర్తిగ లేవనే లేదు, నీ ధోటా అప్పుడే ఉరికింది. గిట్లయితే పోగులన్ని తెగుతయి బిడ్డా. ఎన్నో బొమ్మ ఇది?"

లెక్కపెట్టాను. 19వది. 19 నుంచి 26 వరకు మళ్ళీ గీస్తున్నాను. ఈసారి కార్ఖానాకు పోయి నాయిన పక్కన నిలబడి చూసి వచ్చాను.