మూడో రోజు కాగితం

సోమవారం సాయంత్రం కుప్పం బస్టాండు దగ్గర మందుల షాపులో నా ముందు నిలబడ్డాయన, "మూడు దినాల్నుంచి జ్వరం, గొంతు నొప్పి. ఏమన్నా మాత్రలియ్యప్పా" అన్నాడు. కౌంటర్ వెనక కుర్రాడు చీటీ అడగలేదు. అజిత్రోమైసిన్ స్ట్రిప్ తీసి, కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. స్ట్రిప్ మీద నిలువుగా ఉండే ఎర్రగీత కూడా మాత్రలతో పాటే తెగింది. డాక్టరు చీటీ లేకుండా ఈ మందు వాడకూడదని చెప్పే గీత అది. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ తెచ్చేవే, వాటి మీద ఆ మాత్ర పనిచేయదు. అది బ్యాక్టీరియానే అనుకున్నా, రెండు మాత్రలతో తీరేది కాదు. ఇంటికొచ్చేదాకా నా కోపం తగ్గలేదు.

ఏ క్రిమో తెలియకుండా మందు మింగొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఒక్క వైడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చేయడం మీద నేను పడే బాధ కూడా మీకు కొత్త కాదు. ఈ పట్టుదల నాకు డాక్టర్ల దగ్గర అబ్బలేదు, పట్టుపురుగుల దగ్గర అబ్బింది.

మా తాత పట్టుపురుగులు మేపేవాడు. పురుగు పొర విడిచే దశను మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగే చంద్రిక అనే తట్ట మీదికెక్కి గూడు కడుతుంది. ఆ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది రోజులూ మా ఇంట్లో వాళ్ళు చేతులు కడుక్కోకుండా పురుగుల ఇంట్లోకి పోయేవాళ్ళు కాదు. ఊళ్ళోవాళ్ళను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. ఒకసారి తాత నన్ను పట్టుగుడ్ల కేంద్రానికి తీసుకుపోయాడు. అక్కడ ఒకామె గుడ్లు పెట్టేసిన తల్లి చిలుకను చిన్న కల్వంలో వేసి, ఏదో ద్రావణం పోసి నూరి, ఆ చుక్కను గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తోంది. ఒక చిలుక తర్వాత ఇంకో చిలుక. నన్నూ చూడనిచ్చింది. కోలగా, తళతళ మెరిసే గింజల్లాంటివి కనబడ్డాయి. పెబ్రిన్ రోగమది. తల్లికి ఉంటే గుడ్డు లోపలికే దిగుతుంది. ఆ తల్లి పెట్టిన నాలుగైదు వందల గుడ్లనూ ఆమె నా ముందే కాల్చేసింది. తాత డబ్బు కట్టిన గుడ్లవి. ఆయన ఒక్క మాట అనలేదు.

ఆ పద్ధతి పాశ్చర్‌ది. ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ కూలిపోతుంటే 1865లో ఆయన్ను దక్షిణాదికి పంపారు. అంతకు ముందే, 1835లో, ఇటలీలో అగొస్తీనో బాస్సీ పట్టుపురుగును సుద్దముక్కలా బిగదీసే రోగానికి ఒక బూజు కారణమని చూపించాడు. కోఖ్ క్షయ క్రిమిని లోకానికి చూపింది 1882లో. రోగాన్ని తెచ్చేది క్రిమి అనే పాఠం మనిషికి పురుగే ముందుగా నేర్పిందని నేను గర్వంగా చెప్పుకుంటాను.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం మీకందరికీ తెలిసిందే. నూరేళ్ళ కిందట డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అక్కడ క్షయ శానిటోరియం నడిపాడు. గళ్ళలో క్రిమి కనబడేది, చంపే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నదే 1943లో. అప్పటిదాకా రోగికి ముఖ్యంగా ఇవ్వగలిగింది కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి. ఇప్పుడు మందులు బస్టాండులో దొరుకుతున్నాయి, క్రిమిని చూసే ఓపిక పోయింది. ఈ వారం ఇదే రాసి ముగిద్దామని కూర్చున్నాను.

రాస్తుంటే అమ్మ సంగతి అడ్డం వచ్చింది. పోయిన ఏడాది ఆమెకు మూత్రంలో మంట. డాక్టరు పద్ధతిగానే చేశాడు. మొదటి మాత్ర వేయకముందే మూత్రం కల్చర్‌కు పంపాడు, అదే రోజు సిప్రోఫ్లోక్సాసిన్ రాశాడు. అది తప్పు కాదు. కల్చర్ అంటే క్రిమిని పళ్ళెంలో పెంచడం. అది పెరగడానికి ఒక రోజు, మందు పూసిన కాగితపు బిళ్ళలు పెట్టి వేటి చుట్టూ పెరగకుండా ఆగిందో చూడడానికి ఇంకో రోజు. రక్తంలో క్రిమి చేరి బీపీ పడిపోయిన మనిషి అన్నాళ్ళు ఆగలేడు, గంటలోపే ఇంజెక్షన్ పడాలి. అంటే ఎంత పెద్ద డాక్టరైనా మొదటి మందు అంచనాతోనే ఇస్తాడు. మరి షాపు కుర్రాడికీ ఆయనకూ తేడా ఏమిటి? చదువు ఒకటి. రెండోది, డాక్టరు అంచనా తప్పితే దిద్దుకోవడానికి మూడో రోజు ఒక కాగితం వస్తుంది.

అమ్మ కాగితం వచ్చింది. తేవడానికి ఎవరూ పోలేదు. పరీక్ష చేయించాంలే అన్న ధీమాతో నేనే ఊరుకున్నాను. ఏడో రోజు కూడా మంట తగ్గకపోతే ల్యాబుకు పోయాను. ఈ.కోలి పెరిగింది. అమ్మ మింగుతున్న మందు ఎదురుగా ఆర్ అని ఉంది, లొంగదని అర్థం. నైట్రోఫ్యూరాంటాయిన్ ఎదురుగా ఎస్ ఉంది. డాక్టరు ఆ కాగితం చూసి పాత మందు కొట్టేసి ఇది రాశాడు. మూడు రోజుల్లో అమ్మ తేరుకుంది. ఆ వారమంతా ఆమె మింగిన మాత్రలకూ, బస్టాండులో కత్తిరించిన రెండు మాత్రలకూ నాకిప్పుడు పెద్ద తేడా కనబడడం లేదు. గుడ్ల కేంద్రంలో పనిచేసే ఆమె చూసి ఊరుకోలేదు, చూసిన వెంటనే కాల్చింది. మనం పరీక్ష దాకా వచ్చి అక్కడ ఆగిపోతున్నాం. ఇన్నాళ్ళూ నేను పరీక్ష, పరీక్ష అని అరిచానే తప్ప ఆ కాగితం ఎవరి చేతికి చేరుతోందని అడగలేదు.

ఆ రోజు ల్యాబులో అబ్బాయి అమ్మ రిపోర్టును ఒక అట్టపెట్టెలోంచి తీశాడు. దాని కింద ఇంకా చాలా ఉన్నాయి. "వచ్చిన రోజే వీళ్ళకు ఫోన్ చేసి చెప్పొచ్చు కదప్పా?" అని అడిగాను.

ఆ అబ్బాయి ఖాళీ ఫారం ఒకటి నా ముందు పెట్టాడు. పేరు, వయసు, ఆడా మగా, డాక్టరు పేరు.

"నంబరు రాసుకునే గడి ఇందులో లేదు సార్" అన్నాడు.